బ్రేకులో గాలి

"ఆరియా" అన్న మాట బండి కింద నుంచి వచ్చింది, పున్నమ్మ కుడికాలు బ్రేకు మీద మెల్లగా దిగింది, దిగి ఆగింది. ఇక అతను హాబిస్ అనేదాకా ఎత్తకూడదు. కాలు తిమ్మిరెక్కినా, దోమ కుట్టినా, ఎదురింటి మేరీరాణి వచ్చి చక్కెర అడిగినా ఎత్తకూడదు, ఎత్తితే గాలి దూరుతుంది, దూరితే పని మళ్లీ మొదటికొస్తుంది. వెనక చక్రం దగ్గర కూర్మయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు కానీ సీట్లోంచి చూస్తే మనిషి కనబడడు. పక్క అద్దంలో అతని రెండు పాదాలు, అరిగిన రబ్బరు చెప్పులు, లుంగీ అంచు, అంతే. పధ్నాలుగు నెలలుగా మొగుడు ఆమెకు ఇలాగే ముక్కలు ముక్కలుగా కనబడుతున్నాడు, గుమ్మంలో ఓ భుజం, కంచం ముందు ఓ చెయ్యి, మంచం మీద అటు తిరిగిన వీపు. అన్నీ కలిపి ఓ మనిషిని చేసుకునే పని ఆమెదే. ఆదివారం మధ్యాహ్నం మూడున్నరైంది. అయిదింటికి బండి కొన్న ఆశిష్‌బాబు వచ్చి ఈ జిప్సీని తోలుకుపోతాడు, ఆ తర్వాత ఈ రేకుల షెడ్డులో ఓ నూనె మరక, చక్రాలకి అడ్డం పెట్టిన నాలుగు ఇటుకలు మిగులుతాయి, ఇక ఆరియా, హాబిస్ అన్న మాటలతో కూడా ఎవరికీ పని ఉండదు. కాలెత్తమని ఇంకా చెప్పడేం. చెప్పకపోతే బావుండును, ఇలాగే సాయంత్రం దాకా పడుకుని ఉంటే బావుండును అనుకుంది, అనుకుంటూండగానే "హాబిస్" అన్నాడు.

కాలెత్తింది. మళ్లీ ఆరియా, మళ్లీ హాబిస్. ఈ రెండు మాటలూ ఏ భాషవో కలకత్తా వాట్‌గంజ్‌లో ఎవరినడిగినా చెప్పలేరు, డాక్‌లో క్రేను కింద నిలబడ్డ ఖలాసీలు అరిచే మాటలవి, హాబిస్ అంటే పైకెత్తు, ఆరియా అంటే కిందికి దించు. బీహారువాడైనా, ఒడిశావాడైనా, మన శ్రీకాకుళంవాడైనా వాటికే తాడు లాగుతాడు, వాటికే వదులుతాడు. పున్నమ్మకైతే అవి పాలతోపాటు వచ్చిన మాటలు. అయ్య డ్యూటీ దిగి వచ్చి చంకల కింద చేతులేసి హాబిస్ అంటే భుజం మీద ఉండేది, అక్కడి నుంచి వీధి వీధంతా కనబడేది, తేలేభాజా బజ్జీలు వేయించే మూకుడు, ఠాణా గోడ, గోడ అవతల ఓడ పొగగొట్టం. ఆరియా అంటే మళ్లీ నేల మీదికి, అమ్మ కొంగు దగ్గరికి. దింపినప్పుడల్లా ఏడ్చేది. అమ్మ దాలమ్మ పొయ్యి మీది గంజికుండ దించుకుంటూ తనలో తనే ఆరియా ఆరియా అనుకునేది, చేతులు కాలకుండా అదో మంత్రం ఆవిడకి. బడిలో బెంగాలీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు, ఇన్నిటి మధ్య పెరిగిన పిల్లకి అన్ని చోట్లా చెల్లిన మాటలు ఈ రెండే. పెళ్లిచూపుల్లో తల దించుకుని కూర్చుంటే కుర్రాడి మేనమామ నవ్వి, పిల్లా హాబిస్ అన్నాడు, తలెత్తింది, ఎదురుగా డాక్ వర్క్‌షాపు ఫిట్టరు, చెవుల దాకా నవ్వు, గోళ్ల కింద గ్రీజు. పెళ్లిచూపులకి కూడా గోళ్లు కడుక్కోని మనిషి.

బ్రేకులో గాలి తియ్యడానికి ఓ వరస ఉంది. నూనె డబ్బా డ్రైవరు ముందు బానెట్ కింద ఉంటుంది, దానికి అన్నిటికన్నా దూరపు చక్రం దగ్గర మొదలెట్టి గాలిని బయటికి తోలుకుంటూ దగ్గరకు రావాలి, వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ఆఖరికి ముందు కుడి, అంటే సరిగ్గా ఆమె తలుపు పక్కన. ఆమె నొక్కి పడితే అతను చక్రం వెనకున్న చిన్న నిపుల్ని పానాతో పావు చుట్టు తిప్పుతాడు, సన్నటి గొట్టంలోంచి నూనె, నూనెతో బుడగలు సీసాలోకి వస్తాయి, నిపుల్ మళ్లీ బిగించాక అప్పుడు హాబిస్. ఇంతే పని. కానీ ఒక్కడు చేసే పని కాదు. ముప్ఫై నాలుగేళ్లు డాక్‌లో ఇంజన్లకి ఇంజన్లే ఒంటి చేత్తో విప్పి బిగించానని చెప్పుకునే మనిషికి ఈ ఒక్కదానికి మాత్రం రెండో మనిషి కాలు కావాలి. పున్నమ్మకి ఆ వరస ఇష్టం. మొదలెట్టినప్పుడు మొగుడు కాశీలో ఉన్నంత దూరంగా ఉంటాడు, గంట గడిచేసరికి ఊపిరి వినబడేంత దగ్గరకొస్తాడు. ఇప్పుడు వెనక కుడి చక్రం దగ్గరికి జరిగాడు, కింద పరుచుకున్న అట్టముక్క నేలకి గీసుకుంటున్న చప్పుడు, అతని మూలుగు, బీడీ దగ్గు. వీధిలో పూజ పందిరికి వెదుళ్లు దింపుతున్నారు, ఎవడో ఎవడినో తిడుతున్నాడు, భాద్రపదం ఎండ రేకుల మీద కాగుతోంది, మెడ వెనక చెమట జారి రవికెలోకి పోతోంది, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే కాలు కదులుతుందేమోనని వదిలేసింది.

పానా నేల మీద పడి ఠంగుమంది. అతని ఎడమచేతి చివరి రెండు వేళ్లూ మడవవు, అందుకే జారుతుంది. నిరుడు ఆషాఢం. ఈ బండికి గేరుబాక్సు వెనక ఇంకో చిన్న బాక్సు ఉంటుంది, ముందు చక్రాలకి కూడా బలం పంచిపెట్టేది అదే, నూనె కారుతోందని దాన్ని దింపాడు, బాగుచేశాడు, మళ్లీ ఎక్కించాలి. బండి లోపల అడ్డంగా ఓ ఇనప పైపు, పైపుకి కప్పి, గేరు కర్ర ఉండే కంతలోంచి కిందికి తాడు, తాడు కొసన ఆ ఇనప ముద్ద, పైన తాడు పట్టుకుని పున్నమ్మ, కింద రెండు చేతులూ చాచి కూర్మయ్య. బోల్టు అందడానికి ఇంచీ తక్కువైంది. హాబిస్ అన్నాడు. పైకి లాగాలి. ఎవరికి తెలీదు, పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ అంతకుముందు మూడు ఆదివారాలు ఇద్దరూ బ్రేకు పనే చేశారు, బ్రేకు దగ్గర హాబిస్ అంటే ఇక చాలు, వదిలెయ్యి. ఆమె ఒళ్లు ఇంకా బ్రేకు పనిలోనే ఉంది. హాబిస్ వినబడింది, తాడు వదిలేసింది. అతని అరుపుకి వీధంతా వచ్చేసింది, తువ్వాలంతా రక్తం, అందరి ముందూ అతనన్నాడు, "నీకంటే ఆ కప్పి నయమే. అదైనా పట్టుకున్నది ఒగ్గదు." నొప్పిలో అన్నాడు, ఎవరైనా అంటారు. ఆమె భయంలో అంది, "అయితే ఆ కప్పితోనే మాటాడుకో. నాతో మాటాడకు." ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆమె చెప్పింది ఒక్కటీ వినని మనిషి, గొడుగు పట్టుకెళ్లమంటే వినడు, బీడీ మానమంటే వినడు, ఈ ఒక్క మాటా విన్నాడు. పొల్లుపోకుండా విన్నాడు మహానుభావుడు.

కట్టు విప్పేలోపే ఇద్దరి కోపమూ పోయింది, ఆ సంగతి ఆమెకి తెలుసు, అతను ఆమె కోసం వేడినీళ్లు అట్టేపెట్టేవాడు, ఆమె అతని చొక్కా గుండీలు కుట్టి అతను చూసేచోట వేలాడదీసేది. మాట మాత్రం తిరిగి రాలేదు. మొదలెట్టాలంటే ఎక్కడ మొదలెట్టాలి. అన్నం వడ్డిస్తూ కూర ఎలా ఉందని అడుగుదామనుకుంటుంది, అతని ఎడమచెయ్యి మోకాలి మీద ఉంటుంది, ఆ రెండు వేళ్లూ మడవకుండా నిక్కి ఉంటాయి, వాటిని చూసేసరికి నోరు కట్టుబడిపోతుంది. పొరపాటైపోనాదయ్యా అనే ఒక్క ముక్క బయటికి రాదు. కూతురు భాను సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్స్ నుంచి ఫోను చేసి, "అమ్మా, బాబా, మీకు ఏటైనాది, పిల్లల్లాగ మాటాడకుండా కట్టీ కట్టీ ఆడతన్నారు, నేను కలకత్తా తెలుగు టెలిఫోన్ ఆపిసునా" అని కోప్పడేది, ఇతని మాట ఆమెకీ, ఆమె మాట ఇతనికీ మోసేది, మోసి మోసి విసిగి అదీ మానేసింది. ఇంట్లో దగ్గులు మిగిలాయి. ఓ దగ్గు దగ్గితే టీ, రెండు దగ్గితే తలుపు వేసుకో, బయటికెళ్తున్నా. మనిషి గొంతుకి ఇంత కరువు వస్తుందని ఎవరనుకున్నారు. వీధిలో అతను బండివాళ్లతో, దాదా ఇది ఎంత, దాదా అది ఎక్కడ అని బెంగాలీలో అరుస్తుంటే వంటింటి కిటికీ దగ్గర నిలబడి వినేది, అరటికాయల బేరం కూడా చెవులకి విందుగా ఉండేది.

"హాబిస్." వెనక రెండూ అయ్యాయి. అట్టముక్క మళ్లీ జరిగింది. ఈ ఏడు చైత్రంలో ఓ ఆదివారం ఆమె బియ్యం ఏరుకుంటూంటే షెడ్డులోంచి టక్‌టక్‌మని చప్పుడైంది, పానాతో బండి తలుపు మీద రెండుసార్లు. మళ్లీ టక్‌టక్. చేట పక్కన పెట్టి వెళ్లింది. అతను ముఖం తిప్పుకునే సీటు వైపు చూపించాడు. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు, స్నేహితుడు జగన్మోహన్‌కి మోకాళ్ల నొప్పులు, బ్రేకు నొక్కే కాలు ఇంకెక్కడా దొరకలేదు కాబోలు. ఎక్కి కూర్చుంది. అతను బండి కిందికి దూరాడు. తర్వాత, తొమ్మిది నెలల తర్వాత, బండి కింద నుంచి గొంతు సవరించుకుని, "ఆరియా."  ఏ మాటలు తికమకపడి ఆమె అతని చెయ్యి నలగ్గొట్టిందో ఆ మాటలతోనే మళ్లీ తన పని ఆమె కాలికి అప్పజెప్పాడు, అదీ కిందే పడుకుని. కళ్లు మసకలు కమ్మి, ముక్కు తుడుచుకోబోయి కాలు కాస్త లేచిపోయింది. అతనింకా నిపుల్ బిగించలేదు. గాలి లోపలికి పీల్చేసింది. తిడతాడనుకుంది. తిడితే బావుండుననుకుంది, తిట్టడానికి ఎన్ని మాటలు కావాలి. అతను సీసా సర్దుకుని, "ఇంకోపాలి" అన్నాడు.

మూడో మాట. దాన్ని వారమంతా పటికబెల్లం ముక్కలాగా బుగ్గన పెట్టుకుని తిరిగింది. ఆ తర్వాతి ఆదివారం కాలు జారలేదు, ఆమే జార్చింది. వెంట్రుకవాసి. పానా తిరిగే కిర్రుమనే చప్పుడు రాకముందే మడమ ఓ రవ్వ వెనక్కి, అంతే, ఆఖరి చక్రం దగ్గర, ఆమె తలుపు పక్కన, అక్కడైతే చప్పుడు బాగా వినబడుతుంది, సమయం తప్పదు. బ్రేకు మెత్తబడిపోయేది, నొక్కితే పరుపు మీద కాలేసినట్టు నేలదాకా దిగిపోయేది. ఇంకోపాలి. ఇంకోపాలి. చీకటి పడితే ఆపి లేచేవాడు, వచ్చే ఆదివారం మళ్లీ టక్‌టక్. చైత్రం పోయింది, వైశాఖం పోయింది, జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం. అరవయ్యేళ్లకి దగ్గరపడ్డ ఆడది మొగుడి చేత మూడు మాటలు పలికించుకోవడానికి బండి బ్రేకులోకి గాలి పంపిస్తోందని తెలిస్తే వాట్‌గంజ్ వాట్‌గంజంతా పడీ పడీ నవ్వదూ. నవ్వనీ. ఆదివారం కోసం తలంటుకునేది. ఉతికిన చీర కట్టుకునేది, బ్రేకునూనె ఒలికితే మరక పోదని తెలిసీ.

బానెట్ ఎత్తి ఉంది, అద్దం ముందంతా నల్లటి రేకు. దాని కింది సందులోంచి అతని చెయ్యి కనబడింది, నూనె డబ్బాలో నూనె తగ్గిందేమో చూసి పోస్తోంది, తర్వాత చెయ్యి మాయమై ముందు ఎడమ చక్రం దగ్గర చప్పుడైంది. "ఆరియా." దించింది. ఆ చక్రం నడిమధ్య వేళ్లతో తిప్పే మూతొకటి ఉంటుంది, అటు తిప్పితే చక్రం ఊరికే దొర్లుతుంది, ఇటు తిప్పితే ఇంజను బలం ముందు చక్రానికీ అందుతుంది, పాత బండి గనక ప్రతిసారీ మనిషి వానలోనైనా బురదలోనైనా దిగి రెండు వైపులా చేత్తో తిప్పి రావాల్సిందే. బడ్జ్ బడ్జ్‌లో ఓసారి అలాగే దిగాడు. అప్పటికింకా వేళ్లన్నీ మడిచేవాడు. పడవవాళ్ల దగ్గర తాజా ఇలిశ చేప దొరుకుతుందని జూట్ మిల్లు వెనక నది ఒడ్డు దాకా తీసుకెళ్లి బండిని ఒండ్రులో దిగేశాడు, చేపా లేదు, పడవా లేదు, ఒకటే వాన. దిగి, చక్రానికి చక్రానికి తిరిగి మూతలు తిప్పి, మోకాలి లోతు బురదలో నిలబడి, నువ్వే తోలే అన్నాడు. వీధి చివరి దాకా తప్ప ఎప్పుడూ తోలింది లేదు. "సిన్న కర్ర ఎనక్కి లాగు. అదే. బయపడకు, నేనున్నాను గదేటి." లాగింది. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టు చిక్కించుకున్నాయి, సీటు కింద నేల బలిసినట్టయింది, అతను వెనక్కి వెనక్కి నడుస్తూ రెండు చేతులూ ఎత్తి, పెద్ద క్రేనుకి చెప్పినట్టు, హాబిస్ హాబిస్ అని వానలో అరుస్తున్నాడు, బండి ఎక్కుతోంది, ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలీదు, గట్టెక్కాక తలుపు తీసి బురద చేతుల్తోనే ఆమె రెండు బుగ్గలూ పట్టుకుని, "కలింగపట్నం దాకా తోలీగలవే నువ్వు" అన్నాడు. ఆ మాట నిజంగానే అనుకున్నారు. రెండు ఇళ్ల తాతలూ వదిలి వచ్చిన సముద్రపొడ్డు అది, ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు. రోడ్డు మీద పోకుండా ఇసక మీదనే పోదాం అనేవాడు. ఏం తినాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ అనుకున్నారు. ఇసక అని అతనన్నప్పుడు ఆ మాటలో ఎంత ఇష్టం ఉండేదో, ఇసక, ఇసక అని తనలో తనే అనుకుంది, నోరు కదిపి కూడా చూసింది, అతని గొంతులా రాలేదు.

"హాబిస్." ఎత్తింది. ఈ బురదల కోసం, ఈ ఇసక కోసం బాగుచేస్తున్న బండి అమ్ముడుపోవడానికి కారణం ఎవరు. ఆమే. అయిదు నెలల్లో అతను బ్రేకులో మార్చని ముక్క లేదు, రబ్బర్లు మార్చాడు, గొట్టాలు మార్చాడు, బిగింపు బిగింపూ సబ్బు నురగ పూసి ఎక్కడ బుడగ లేస్తుందో అని చెంప ఆనించి చూశాడు, జగన్మోహన్‌ని కుంటుకుంటూ రప్పించి చూపించాడు. ఎక్కడా కారడం లేదు, ఎక్కడా పగులు లేదు, గాలి మాత్రం ఉంది, చివరికి విసిగి బండిని అమ్మకానికి పెట్టాడు. ఆమె చూస్తూ ఊరుకుంది. ఏమీ ఎరగనట్టు టార్చి కూడా పట్టింది. అతని ముఖం ఎలా మారుతూ వచ్చిందో మాత్రం సరిగ్గా చూడలేదు, మూడు మాటల ఆశలో పడి ఆ ముఖం చూడలేదు. పోయిన ఆదివారం ఆశిష్‌బాబు వచ్చినప్పుడు చూసింది. బాలీగంజ్‌లో బ్యాంకు ఆఫీసరు, విజయవాడ వైపు వాళ్లు, భార్య సమీర, నాలుగేళ్ల కూతురు చిన్ని. పూజ సెలవులకి కర్సియాంగ్ కొండలెక్కుతారట. ఆయన బండంతా చూసి మురిసిపోయి, "బ్రేకు సంగతి నేనెక్కడైనా చూపించుకుంటాలెండి" అన్నాడు. కూర్మయ్య ఒప్పుకోలేదు. "గాలున్న బండి నా గుమ్మం దాటదు బాబూ. ఒచ్చే ఆదివారానికి సేసిస్తాను" అని, ఆగి, నేలవైపు చూస్తూ, "ఏటనుకోకండి. ముప్పై నాలుగేళ్లు ఇదే పని సేసినాను. ఇప్పుడు ఒక్క బ్రేకు లొంగనేదు. నా సేతిలో పని పోనాది" అన్నాడు. ఆ రెండు వేళ్లనీ కుడిచేత్తో పట్టుకుని అన్నాడు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పున్నమ్మకి గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. చేతికి దెబ్బ తగిలించింది చాలక చేతిలో పని కూడా తనే తీసేసిందన్నమాట. ఆ చిన్నపిల్లేమో డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్లు అందక, రెండు అరచేతుల్తో బ్రేకు నొక్కబోయి కిందికి జారి, ఆంటీ ఇది ఎందుకు అని అడిగింది. బండి ఆపడానికమ్మా అంది.

ఇప్పుడు తలుపు పక్కనే ఉన్నాడు. అట్టముక్క సరిగ్గా ఆమె సీటు కిందికొచ్చి ఆగింది. తెరిచిన తలుపులోంచి కిందికి చూస్తే అతని తల కనబడుతోంది, నెరిసిన జుట్టు, కణత మీద నూనె చార, చెవి పక్కన ఇన్నాళ్లూ చూడని కొత్త మచ్చ. ఊపిరి వినబడుతోంది. నాలుగుంపావు అయి ఉంటుంది. "ఆరియా" అన్నాడు, గొంతు అలిసిపోయింది. దించింది. గొట్టంలోంచి నూనె బొట్లు సీసాలో పడుతున్నాయి. ఇదే చోటు. ఇక్కడే మడమ ఓ రవ్వ వెనక్కి. అంతే చాలు, బ్రేకు మెత్తబడుతుంది, ఇంకోపాలి అంటాడు, ఆశిష్‌బాబు వస్తే ఇంకా కాలేదు బాబూ అంటాడు, గాలున్న బండి గుమ్మం దాటించడు, మాటంటే మాట, వచ్చే ఆదివారం మళ్లీ టక్‌టక్. అంతా ఆమె మడమలో ఉంది. కానీ అతను ఇవాళ కూడా కాకపోతే ఇక ముట్టుకోడు. అది ఆమెకు తెలుసు. పానాలన్నీ గోనెలో కట్టి జగన్మోహన్‌కి ఇచ్చేస్తాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటాడు, ఆ చేతుల్ని పొద్దస్తమానం ఆమె చూస్తుండాలి. బాగైందనుకుని ఏమరపాటున బండి ఇచ్చేశాడో, ఎక్కడో కొండ మలుపులో ఆశిష్‌బాబు కాలు నేలదాకా దిగిపోతుంది, వెనక సీట్లో చిన్ని.  తొడ దగ్గర నరం పట్టేసింది. బొట్లు పడుతున్నాయి, ఓ బుడగ, ఇంకో చిన్న బుడగ, ఆ తర్వాత చప్పుడు మారింది, ఒకే ధారగా, చిక్కగా. ఇదే ఆఖరిసారి, ఇక ఈ జన్మకి నాతో ఓ మాట అనడు అనుకుంది, అనుకుని ఏడుస్తూనే రెండు చేతుల్తో మోకాలిని కిందికి అదిమి పట్టుకుంది, కాలు తనదే అయినా దాని మీద నమ్మకం లేక. పానా కిర్రుమంది. ఒక పావు చుట్టు. బిగిసింది. అప్పటికీ ఎత్తలేదు. "హాబిస్" అన్నాడు. ఎత్తింది.

మళ్లీ నొక్కి చూసుకుంది, సగంలోనే ఆగింది, రాయిలా గట్టిగా. ఇంకోసారి. రాయి. అతను అట్ట మీంచి దొర్లి లేచి, మోకాళ్లు పట్టుకుని నిలబడి, తలుపులోంచి వంగి చెయ్యి లోపలికి చాచాడు. ఆమె కాలు తీసుకునే లోపే ఆ అరచెయ్యి ఆమె పాదం మీద పడింది, పాదంతో సహా బ్రేకుని నొక్కింది, ఒకసారి, రెండోసారి. మడవని వేళ్లు రెండూ ఆమె చీలమండకి తగులుతున్నాయి, నూనెతో చల్లగా. బ్రేకు దిగలేదు. కూర్మయ్య చెయ్యి తియ్యలేదు. ఏ యంత్రంలోనైనా ఎక్కడ తేడా ఉందో దొరికినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో ఆమెకు ముప్ఫై ఆరేళ్లుగా తెలుసు, కనుబొమలు విడిపోతాయి, పెదవి ఓ పక్కకి పోతుంది. ఆ చూపు బ్రేకు మీంచి ఆమె పాదం మీదికి వచ్చింది, పాదం మీద చాలాసేపు ఆగింది, అక్కడి నుంచి ఆమె మోకాలికి, తడి చెంపలకి. అయిదు నెలలు. ఇరవయ్యో ఇరవై ఒకటో ఆదివారాలు. అతని కళ్లు అవన్నీ లెక్కపెట్టుకుంటున్నట్టే ఉన్నాయి. తెలిసిపోయింది. పున్నమ్మ స్టీరింగు మీద తల ఆనించింది. ఇప్పుడు ఏమన్నా పడాల్సిందే, కప్పి నయం అన్నా, ఇంకేమన్నా.

అతని జేబులో ఫోను మోగింది. ఆశిష్‌బాబు, బయల్దేరాం, ఖిదిర్‌పూర్ వంతెన దగ్గరున్నాం అంటున్నాడు, వెనక పిల్ల పాట. కూర్మయ్య విన్నాడు. లుంగీకి చెయ్యి తుడుచుకున్నాడు. "బ్రేకు అయిపోనాది బాబూ. పస్టుకిలాసుగా ఉన్నాది" అన్నాడు, ఆ మాట అంటున్నప్పుడు అతని వెన్ను నిటారైంది, నెలల తర్వాత. "కానీ ఓ సంగతి. కిలచ్చిలో గాలున్నాది. అలాగే తోలితే ప్రమాదం. ఒచ్చే ఆదివారం రండి." అవతల ఆశిష్‌బాబు, అయ్యో, క్లచ్‌లోనా అన్నాడు, బ్యాంకు మనిషి పాపం, నమ్మేశాడు. కూర్మయ్య ఫోను పెట్టేశాడు.

పున్నమ్మ తలెత్తింది. ఈ బండి క్లచ్ తీగతో నడుస్తుంది. నొక్కితే తీగ లాగుతుంది, వదిలితే వదులుతుంది, అందులో నూనె లేదు, డబ్బా లేదు, గొట్టం లేదు, గాలి దూరడానికి చోటే లేదు. కొత్త తీగ వేసింది కూర్మయ్యే, వేసేటప్పుడు పక్కన కూర్చుని దాన్ని పట్టుకున్నది పున్నమ్మే. అతను ఆమె వైపు చూడకుండా పానాని గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచిన చోటే తుడుస్తున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఎడమకాలు తీసి క్లచ్ మీద పెట్టింది.

"కిలచ్చి కదా," అంది, "ఒక్క ఆదివారానికి ఎక్కడ తెములుతాది."

"తెమలదు," అన్నాడు కూర్మయ్య.